రోజు విడిచి రోజు ఒక క్యాప్సూల్

మా వల్లికి ఐదో ఏడు నడుస్తుండగా ఒక పొద్దున్న చెరువు గట్టు మీద సగం దూరం నడిచి కూలబడింది. వాళ్ళ నాన్న మేత ట్రే పైకి లాగి రొయ్యలు చూపిస్తానంటే పరిగెత్తే పిల్ల. "అమ్మా, కాళ్ళు రావట్లేదు" అంది. ఎత్తుకుని చూస్తే పెదవులు తెల్లగా ఉన్నాయి. గుండె నా చేతికి తెలిసేలా కొట్టుకుంటోంది. ఎండ దెబ్బ అన్నారు అందరూ. అప్పటికింకా ఎనిమిది కాలేదు, ఎండ ఎక్కడుంది? నాకు అప్పుడే అనుమానం వచ్చింది. వచ్చిన అనుమానాన్ని నాలుగేళ్ళు నోట్లో పెట్టుకుని కూర్చున్నాను. అందుకు నా మీద నాకే ఒళ్ళు మంట.

ముందు మా ఇంటి సంగతి చెప్పాలి. నా భర్త నాకు సొంత మేనమామ, అమ్మకి తమ్ముడు. పెళ్ళయి ఇన్నేళ్ళయినా మావయ్యా అనే పిలుస్తాను. ఒళ్ళు మండినప్పుడు మాత్రం ఏవండీ అంటాను. మా అత్తగారు నాకు అమ్మమ్మే. మొగల్తూరు వైపు, కాలవ చివర, మాకు రొయ్యల చెరువులున్నాయి. "బయట సంబంధాలెందుకు, మన పిల్ల మన ఇంట్లోనే ఉంటుంది" అని మా పెళ్ళి నిశ్చయించింది అమ్మమ్మే. ఇప్పుడు కూడా ఆ మాట గర్వంగానే చెప్పేవాళ్ళు మా వైపు చాలామంది ఉన్నారు.

మా ఊళ్ళో ఆర్ఎంపీ కనురెప్ప కిందకి లాగి చూసి, "రక్తం లేదమ్మా, ఐరన్ ఎక్కించాలి" అన్నాడు. సిరప్ రాశాడు. సిరప్ అయ్యాక మాత్రలు, మాత్రలయ్యాక ఇంజెక్షన్లు. నాలుగేళ్ళు. బీట్‌రూట్, ఖర్జూరం, వేరుశెనగ ఉండలు, ఇనప మూకుట్లో వండిన కూర. ఎవరేం చెబితే అది ఆ పిల్ల నోట్లో కుక్కాను. నెల తిరిగేసరికి మళ్ళీ అదే పాలిపోయిన మొహం. టౌన్‌లో పెద్ద చదువు చదివిన పిల్లల డాక్టరు దగ్గరికి తీసుకెళ్తే ఆయన ఇంకా ఖరీదైన ఐరన్ రాసి పంపాడు. ఒక్కడంటే ఒక్కడు, ఇంత ఐరన్ పోస్తుంటే రక్తం ఎందుకు పట్టట్లేదని అడగలేదు. వాళ్ళని నేను ఇప్పటికీ క్షమించలేదు. క్షమించే ఉద్దేశం కూడా లేదు.

తొమ్మిదో ఏట జ్వరం వచ్చి తగ్గాక వల్లి కళ్ళు పచ్చబడ్డాయి, కడుపు ఎడమవైపు గట్టిగా తగిలింది. ఈసారి ఎవరినీ అడక్కుండా పిల్లని బస్సెక్కించి రాజమండ్రిలో పెద్దాసుపత్రికి తీసుకుపోయాను. అక్కడ రక్తం జబ్బులు చూసే డాక్టరమ్మ, నాకంటే చిన్నదే, పాత చీటీలన్నీ తిరగేసి ఒక్క ప్రశ్న అడిగింది.

"మీది మేనరికమా అమ్మా?"

అవునన్నాను. హెచ్‌పీఎల్‌సీ అని హిమోగ్లోబిన్ రకాన్ని చూసే ఒక టెస్టూ, ఫెరిటిన్ అని ఇంకోటీ రాసింది. హిమోగ్లోబిన్ ఐదు పాయింట్ ఎనిమిది. ఫెరిటిన్, అంటే ఒంట్లో పేరుకున్న ఇనుము, ఆ వయసు పిల్లకి ఉండాల్సిన దానికంటే ఎన్నో రెట్లు ఎక్కువ. తల్లీ తండ్రీ ఇద్దరి నుంచీ పిల్లకి దిగే ఆ జబ్బు పేరు తలసీమియా ఇంటర్‌మీడియా.

"పాపకి ఐరన్ తక్కువ కాదమ్మా. ఎక్కువైపోయి లివర్‌లో కూర్చుంటోంది. ఐరన్ ఆపేయండి, ఇవాళ్టి నుంచే" అంది.

నాలుగేళ్ళు నా చేత్తో నేను పోసింది అదన్నమాట. ఆ కుర్చీలోంచి నాకు లేవబుద్ధి కాలేదు.

మొదటిసారి రక్తం ఎక్కించి ఇంటికి తెచ్చాక అసలు యుద్ధం మొదలైంది. అమ్మమ్మ మంచం మీద కూర్చుని, "మా వంశంలో ఇలాంటి రోగాలు లేవు. నీ రక్తంలోనే ఏదో ఉంది" అంది. నేను చేతిలో కంచం కింద పెట్టేశాను.

"నా రక్తంలో సగం నీ కూతురిది. నీ కూతురి దాంట్లో సగం నీది. ఎక్కడుందో వెతుక్కో అమ్మమ్మా" అన్నాను.

ఆవిడ మూడు రోజులు నాతో మాట్లాడలేదు. నాకు ఆ మూడు రోజులూ హాయిగానే ఉంది.

ఆరు వారాలకోసారి రక్తం కోసం రాజమండ్రి తిరగడం, పిల్ల గ్రూపు రక్తం దొరక్క పడిగాపులు పడడం ఒక సంవత్సరం నడిచింది. ఎక్కించే ప్రతి సంచీతోనూ ఒంట్లోకి ఇంకొంచెం ఇనుము. దాన్ని బయటికి పంపడానికి పరగడుపున నీళ్ళలో కలిపి తాగే ఒక మాత్ర. అది తాగలేక పిల్ల ఏడుపు. అప్పుడు డాక్టరమ్మ హైడ్రాక్సీయూరియా అనే క్యాప్సూల్ ప్రయత్నిద్దామంది. ఆ రోజు మావయ్య కూడా వచ్చాడు. ఆవిడ కాయితం మీద గీతలు గీసి ఓపిగ్గా చెప్పింది.

"మన ఒంట్లో ప్రతి సెల్‌లోనూ అన్ని జీన్లూ ఉంటాయండి. కంట్లో ఉన్నవే కాలేయంలోనూ ఉంటాయి. ఏది తెరవాలి, ఏది మూయాలి అన్నది ఆ సెల్ చూసుకుంటుంది. కడుపులో ఉన్నప్పుడు బిడ్డకి వేరే హిమోగ్లోబిన్ ఉంటుంది. పుట్టాక కొన్ని నెలల్లో ఆ జీన్ మూతపడిపోయి, పెద్దవాళ్ళ జీన్ తెరుచుకుంటుంది. మీ పాపకి పాడైంది ఈ పెద్దవాళ్ళ జీన్. ఆ పాతది బాగానే ఉంది. మూసుందంతే."

"మా కాలవ మీద తూముల్లాగన్నమాట. వంతు అయిపోతే కాలవ లస్కరు వచ్చి తలుపు దింపేస్తాడు" అన్నాడు మావయ్య.

"అలాగే అనుకోండి. దాని మీద కొన్ని ప్రొటీన్లు కూర్చుని తెరుచుకోకుండా పట్టుకుంటాయి."

"అయితే ఎత్తేస్తే సరిపోద్ది కదండీ."

"ఎత్తే చక్రం మన చేతిలో లేదండి. ఈ మందు ఎముకల్లో రక్తం తయారయ్యే చోట కాస్త ఇబ్బంది పెడుతుంది. ఆ ఇబ్బందికి కొంతమందిలో పాత జీన్ కొద్దిగా తెరుచుకుంటుంది. కొంతమందిలో అసలు తెరుచుకోదు. ఎక్కువ వేస్తే రక్తం తయారవడమే ఆగిపోతుంది. అందుకే రోజు విడిచి రోజు ఒక్కటి. నెలకోసారి సీబీసీ, అంటే రక్తకణాల లెక్క చూసే టెస్టు, తప్పకూడదు."

మావయ్య బుద్ధిగా తలూపాడు. ఆ ఊపుడు నమ్మడం నేను చేసిన రెండో తప్పు.

మూడు నెలలకి హిమోగ్లోబిన్ ఏడు పాయింట్ ఆరు. రక్తం ఎక్కించకుండానే. ఆ కాయితం పట్టుకుని నేను ఆసుపత్రి మెట్ల మీదే ఏడ్చాను. నా పిల్లలో మూతపడిన జీన్ ఒకటి తెరుచుకుంటోందంటే, దాన్ని నా కంటితో చూసినంత సంతోషం వేసింది. తర్వాత రెండు నెలలు అంకె అక్కడే ఆగిపోయింది. ఆగనివ్వండి, నిలబడింది చాలు అంది డాక్టరమ్మ. నాకూ చాలనే అనిపించింది. మావయ్యకి చాలలేదు.

మా చెరువుల దగ్గర ఒక పద్ధతుంది. రొయ్య ఎదుగుదల ఆగిందంటే నీళ్ళు టెస్ట్ చేయించేవాడు పదిమందిలో ఒకడుంటే గొప్ప. మిగతావాళ్ళందరూ మినరల్స్ డబుల్ చేస్తారు. పక్క చెరువువాడు రెండు బస్తాలు వేశాడంటే మనవాళ్ళు మూడు వేస్తారు. ఎక్కువైందనిపిస్తే నీళ్ళు మారుస్తారు. దానికి అలవాటుపడిన చెయ్యి ఊరుకుంటుందా? క్యాప్సూల్ లేని రోజున కూడా వల్లిని బడికి దింపుతూ బండి మీద ఒకటి ఇచ్చేవాడట. అందుకోసం వేరే సీసా కొన్నాడు. "బలానికిది. అమ్మకి చెప్పకు, భయపడుద్ది" అన్నాడట. నాన్న చెప్పాడు కదా, పిల్ల చెప్పలేదు.

ఆ నెల సీబీసీ కూడా చేయించలేదు. పెద్ద చెరువులో రొయ్యల పట్టుబడి ఉంది, మనుషులు, ఐసు, లారీలు, ఇల్లంతా హడావిడి. వచ్చే వారం చేయిద్దామన్నాడు, సరే అన్నాను. ఈ ఒక్కటి మాత్రం ఆయన మీదకి నెట్టలేను. సరే అన్న నోరు నాదే.

ఆ వచ్చే వారం రాలేదు. వల్లి నోట్లో పుళ్ళు, మర్నాటికి నూట మూడు జ్వరం, కాళ్ళ మీద ఎర్రటి చుక్కలు. కారులో పడుకోబెట్టి రాజమండ్రి తీసుకెళ్ళాం. రిపోర్ట్ చూడగానే డాక్టరమ్మ మొహం మారిపోయింది. తెల్ల కణాలు అడుగంటిపోయాయి, ప్లేట్‌లెట్స్ కూడా పడిపోయాయి.

"మందు రోజూ వేస్తున్నారా?"

"లేదండి, రోజు విడిచి రోజే. నా చేత్తో నేనే ఇస్తాను" అన్నాను.

మంచం మీంచి వల్లి కళ్ళు తెరవకుండానే అంది. "మిగతా రోజుల్లో నాన్న ఇస్తాడు."

మావయ్య గోడకేసి చూస్తున్నాడు. చివరికి ఆయనే నసిగాడు. "కొంచెం వేస్తే అంత పెరిగింది కదండీ, ఇంకొంచెం వేస్తే..."

"చెరువులో మందు ఎక్కువైతే మీరు నీళ్ళు మారుస్తారు. మీ పాపకి నీళ్ళు మార్చడం ఉండదండి" అంది డాక్టరమ్మ. గొంతు పెంచలేదు. పెంచి ఉంటే ఆయనకి కాస్త తేలికయ్యేది.

పది రోజులు విడిగా ఒక గదిలో ఉంచారు. మాస్కు, చేతులు కడుక్కోవడం, పళ్ళు కూడా ఉడికించకుండా పెట్టకూడదు. మొదటి నాలుగు రోజులు పిల్ల దక్కుతుందో లేదో ఎవరూ చెప్పలేదు. నేను అడగలేదు. మావయ్య వరండాలో కూర్చుని, తలుపు తెరుచుకున్నప్పుడల్లా లేచి నిలబడేవాడు. నేను ఆయనకి ఒక్క మాట చెప్పేదాన్ని కాదు. ఐదో రోజు కౌంట్ కదిలింది అని నర్సు చెబితే, బయటికి వచ్చి, "ఏవండీ, బతుకుతుందట" అని మళ్ళీ లోపలికి పోయాను. అంతకంటే ఎక్కువ మాటలు ఆయనకి దక్కనివ్వాలని నాకు అనిపించలేదు.

కౌంట్స్ పూర్తిగా కోలుకున్నాక తక్కువ మోతాదుతో మందు మళ్ళీ మొదలుపెట్టారు. పాత జీన్ మళ్ళీ తెరుచుకుంటుందో లేదోనని మూడు నెలలు నాకు సరిగ్గా ముద్ద దిగలేదు. తెరుచుకుంది. మెల్లిగా, దాని ఇష్టప్రకారం, మా తొందరతో పనిలేకుండా.

ఇప్పుడు వల్లికి పదమూడు దాటాయి. హిమోగ్లోబిన్ తొమ్మిది దగ్గర నిలబడింది. రక్తం ఎక్కించి రెండేళ్ళయింది. ఐరన్ తగ్గించే మాత్ర ఇంకా ఉంది, ప్లీహం కాస్త పెద్దదే కాబట్టి కబడ్డీ వద్దన్నారు. సైకిలు తొక్కుకుని బడికి పోతుంది. క్యాప్సూల్ రోజున గోడ మీద క్యాలెండర్లో తనే సున్నా చుడుతుంది. ఆ సీసా ఉన్న బీరువా తాళం నా దగ్గర ఉంటుంది. మావయ్య ఆ బీరువా వైపు కూడా పోడు.

ఈమధ్య పెద్దమావయ్య, అంటే ఈయన అన్నయ్య, తన కూతురిని మా తమ్ముడికిద్దామని వచ్చాడు. మళ్ళీ మేనరికం. మంచిదే, ముందు ఇద్దరికీ హెచ్‌పీఎల్‌సీ చేయించండి అన్నాను.

"నీ కూతురి రోగం ఊరందరికీ అంటగడతావేంటే? శుభమా అని వస్తే రక్తాలు తియ్యమంటుంది" అని లేచాడు.

"అంటించడానికి ఇది జ్వరం కాదు మావయ్యా. మన ఇంట్లోనే పుట్టింది."

"ఎవడన్నాడు? మా అమ్మకి తొంభై దగ్గరికొచ్చాయి, గుండ్రాయిలా ఉంది."

అదే సమయానికి వల్లి నెలవారీ రక్త పరీక్ష కోసం ల్యాబ్ ఆమె వచ్చింది. పిల్ల చేతికి రబ్బరు పట్టీ కడుతోంది. మంచం మీంచి అమ్మమ్మ ఆ చేతిని చూస్తూ కూర్చుంది. కాసేపటికి తన రవిక చెయ్యి పైకి మడుచుకుంది.

"నాదీ తియ్యమ్మా" అంది.

నాలుగు రోజులకి రిపోర్ట్ వచ్చింది. తలసీమియా మైనర్. ఆ పాడైన జీన్ మోసేవాళ్ళకి ఏమీ కాదు, పిల్లలకి పంచుతారు. వల్లి చదివి వినిపించింది. అమ్మమ్మ, "అయితే నేనే ఇచ్చానా" అని పమిట చెంగు కళ్ళకి అద్దుకుంది. నేను ఓదార్చలేదు. నాకు రాలేదు, అంతే. వల్లి వెళ్ళి పక్కన కూర్చుంది.

ఆ కాయితం ఆవిడే పెద్దకొడుకు చేతిలో పెట్టించింది. పెళ్ళి చేసుకోబోయే ఇద్దరికీ టెస్టులు చేయించక తప్పలేదు. మా తమ్ముడికి ఉంది, ఆ పిల్లకి లేదు. ఇద్దరిలో ఒకరికే ఉంటే పిల్లలకి వల్లి జబ్బు రాదు, నిరభ్యంతరంగా చేసుకోవచ్చన్నారు. తాంబూలాలు ఘనంగా పుచ్చుకున్నారు. నన్ను పిలవలేదు. నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు, నా నోరు అలాంటిది కాదు, నాకు తెలుసు.

చదివేవాళ్ళకి నేను చెప్పగలిగింది ఒక్కటే. మీ పిల్లకి రక్తం తక్కువ అని ఐరన్ రాస్తే, నెలా రెండు నెలల్లో అంకె పెరగకపోతే, ఇంకో సీసా కొనకండి. హెచ్‌పీఎల్‌సీ చేయించమని అడగండి. డాక్టరు విసుక్కుంటే విసుక్కోనివ్వండి. మేనరికమని చెప్పడానికి సిగ్గుపడకండి. నేను అడగకుండా మర్యాదగా కూర్చున్న నాలుగేళ్ళూ నా పిల్ల కాలేయంలో ఉన్నాయి.

తాంబూలాల రోజున అమ్మమ్మ కోసం కారు పంపారు. ఆవిడ వెళ్ళలేదు. "ఇవాళ పిల్లకి క్యాప్సూల్ రోజు" అని, క్యాలెండర్ ఎదురుగా కుర్చీ వేయించుకుని కూర్చుంది.