ఫరీద్ గూటికి గొళ్ళెం పడ్డ చలికాలం

తన గూట్లో రోగం పడ్డదని తెలిసి కూడా ఫరీద్ ఆ వారమంతా పావురాలను ఎందుకు ఎగరేశాడు? ఇప్పటికీ నాకు జవాబు దొరకలేదు. పరువు కోసమని కొందరంటారు. పరువొక్కటే అయితే, తర్వాత చేసిన పని చేసి ఉండేవాడు కాదు.

బొగ్గుగని పక్కన మా ఎనిమిదో ఇంక్లైన్ కాలనీలో ఫరీద్‌ది వెనక వరుసలో మా పక్కిల్లు. బొగ్గుబాయిలో టబ్బులు లాగే హాలర్ నడిపి రిటైరైనవాడు. డ్యూటీ రోజుల్లో షిఫ్టు దిగి రాగానే, చెవుల వెనక బొగ్గు మసి అట్లాగే ఉండగా డాబా ఎక్కేవాడు. "నన్ను నిఖా చేసుకున్నదే వీటికి జొన్నలు చెరగనీకె" అని భార్య సుగ్రా బీ నవ్వేది.

పావురాలు పెంచేవాళ్ళ మధ్య కొన్ని కట్టుబాట్లున్నాయి. మన పక్షి ఎదుటివాడి గుంపులో కలిసి వాడి డాబా మీద దిగితే అది వాడిదే. తిరిగి అడగడం సిగ్గుచేటు. పొద్దున గూడు తెరవకపోయినా అంతే, ఓడి దాక్కున్నాడని కాలనీ అంతా చెప్పుకుంటుంది.

ఆ చలికాలం ఫరీద్ పావురాలు కొన్ని విపరీతంగా నీళ్ళు తాగసాగాయి. రెట్ట పచ్చగా, నీళ్ళలా పడింది. తర్వాత ఒక దానికి మెడ మెలిపడింది. గింజను పొడవబోయి పక్కనున్న నేలను పొడిచేది. అట్లాంటివాటిని అతను గంప కింద మూసి, బాగున్నవనుకున్నవాటిని ఎప్పటిలాగే ఎగరేశాడు. ఈల కూడా ఎప్పటిలాగే వేశాడు.

అట్లా ఎగిరినవాటిలో చీనా అనే మచ్చల పోతుపావురం ఒక సాయంత్రం కొమురెల్లి డాబా మీద దిగింది. కొమురెల్లి పక్క వరుసవాడు, ఓపెన్‌కాస్టు గనిలో డంపర్ నడుపుతాడు. ఆ పోతు మీద అతనికి ఏండ్లనాటి ఆశ. పావురాలవాళ్ళందరినీ పిలిచి చాయ్ పోయించాడు. నేనూ పోయి మెట్ల మీద నిలబడ్డాను. చీనా అప్పటికే అతని పక్షులతో కలిసి ఒకే పళ్ళెంలో నీళ్ళు తాగుతోంది.

ఫరీద్ వచ్చాడు. శభాష్ అనడానికే వచ్చాడనుకున్నాం. చీనాను ఇచ్చేయమన్నాడు.

"ఏంది ఫరీద్ భాయ్, ముసలితనంల కొత్త రూల్ తెస్తున్నవా?" అన్నాడు కొమురెల్లి. అందరూ నవ్వారు.

"నవ్వుకో తమ్మీ. ముందుగాల దాన్ని పక్కకు తియ్యి. నా గూట్లె మెడ తిరిగే రోగమున్నది. దాసిపెట్టి ఎగరేసిన."

కొమురెల్లి తన పక్షుల వైపు చూశాడు. "మరి గిప్పుడు నా పిట్టల సంగతేంది?" అన్నాడు.

"రేపటి సంది అందరం గూళ్ళు మూద్దాం. ఒక్కడు మూస్తె ఓటమి. అందరం మూస్తె ఎవడు ఓడినట్టు? ఇది ఆగుతది, నేను ఆపుత."

తెల్లారి ఏ డాబా మీదా గూటి తలుపు తీయలేదు.

ఆ రోజే ఫరీద్ తన స్కూటర్ మీద పశువుల దవాఖానకు పోయి డాక్టరమ్మ యమునను వెంటబెట్టుకొచ్చాడు. ఇది వైరస్ అనీ, దాన్ని చంపే మందు లేదనీ ఆమె చెప్పింది. రోగమున్నవాటిని వేరుచేయాలి, బాగున్నవాటికి టీకా వేయించాలి, ఎగరేయడం, అమ్మడం, మార్చుకోవడం ఆపాలి. ఒకరి గూటి దగ్గరికి ఇంకొకరు పోవద్దు.

ఫరీద్ తన పాత చెక్క గూళ్ళను తానే కాల్చేసి కొత్తవి కట్టాడు. చచ్చినవాటిని లోతుగా గొయ్యి తీసి సున్నం చల్లి పూడ్చాడు. ఎవరి డాబా కూడా ఎక్కకుండా గల్లీలో నిలబడే, తలుపు మూసినవా, టీకా వేయించినవా అని గద్దించేవాడు. మధ్యాహ్నం ఓపెన్‌కాస్టు బ్లాస్టింగుకు కిటికీలు అదిరితే గూళ్ళలో రెక్కలు టపటపలాడేవి, ఆకాశంలో మాత్రం ఒక్క పిట్ట ఉండేది కాదు. "నీ చీనా చుట్టం లెక్కొచ్చి రోగం అంటించిపోయె" అని కొమురెల్లి పైనుంచి దెప్పేవాడు. ఫరీద్ తలొంచుకునేవాడు కాదు. "మిగిలినయి దక్కుతయి, సూడు" అనేవాడు.

దక్కాయి. చీనా చచ్చిపోయింది, కొమురెల్లివి రెండు మూడు పోయాయి. మిగతా ఏ గూటికీ రోగం పాకలేదు.

ఇక ఎగరేయొచ్చని డాక్టరమ్మ చెప్పిన పొద్దున, అన్ని డాబాల మీదా ఒకేసారి తలుపులు తెరిచారు. ఫరీద్ గుంపు సగమైంది, అయినా అందరికంటే ముందు లేచింది. ఆ సందట్లోనే అతనికి ఫోనొచ్చింది. పక్క ఊరు నస్పూర్ నుంచి ఎవరో, తన పావురాలు తెగ నీళ్ళు తాగుతున్నాయంటున్నారు.

"ఎగరేస్తున్నవా?" అని అడిగాడు ఫరీద్. "తలుపు మూసి ఉంచు, నేనొస్తున్న" అన్నాడు.

మేమంతా పైకి చూస్తున్నాం. గుంపులు గుండ్రంగా తిరిగి తిరిగి కిందికి వాలుతున్నాయి. "ఫరీద్ భాయ్, నీ పిట్టలను సూడు" అంటూ కొమురెల్లి తన డాబా మీదనుంచి కేకేశాడు.

ఫరీద్ డాబా మీద సుగ్రా బీ ఒక్కతే గింజలు చల్లుతోంది. మా డాబా మీదనుంచి వంగి గల్లీలోకి చూశాను. ఫరీద్ స్కూటర్ లేదు.