పక్కింటి పోపు మీద నా మొదటి దావా

ఆ రోజుల్లో నా నల్లకోటు కొత్తది, నాకు అన్యాయం జరిగిందనిపిస్తే అన్నం సహించేది కాదు. (ఇప్పుడు అన్నం సహిస్తోంది, అన్యాయం మాత్రం సహించడం లేదు.) నారాయణగూడలో ఒక సీనియర్ దగ్గర పని నేర్చుకుంటూ, అశోక్‌నగర్‌లో అమ్మతో ఉండేదాన్ని. మా పక్కింటాయన, పోటీ పరీక్షలకు చదివే పిల్లల కోసం కింది అంతస్తులో మెస్ పెట్టాడు. వీధంతా ఆయన్ను మెస్సన్న అనేవారు. ఆయన వంటగది ఎగ్జాస్ట్ ఫ్యాను సరిగ్గా మా అమ్మ గది కిటికీకి ఎదురుగా బిగించాడు. రోజూ మూడు పూటలా ఎండుమిర్చి పోపు ఘాటు నేరుగా అమ్మ మంచం మీదికి వచ్చేది. దగ్గి దగ్గి అమ్మ చివరికి కిటికీ మూసేసింది. ఎండాకాలమంతా ఆ గదిలోనే ఉడికింది.

నేను మర్యాదగానే అడిగాను. "అన్నా, ఒక గొట్టం పెట్టి పొగ మిద్దె పైకి పంపరాదా?" ఆయన గరిటె ఊపుతూ నవ్వాడు. "పోపు మీద కేసేస్తవా ఏంది వకీలమ్మా? ఏసుకో పో! జడ్జిగారి ఇంట్ల పోపు పెట్టరా?" తింటున్న పిల్లలందరూ నవ్వారు. ఎవరెవరు నవ్వారో, ఆ పూట ఏం కూరో కూడా ఈ రోజుకీ చెప్పగలను (దొండకాయ). మరుసటి వారమే అమ్మ పేరుతో దావా వేశాను. నా సొంత వకాల్తాతో వేసిన మొదటి దావా అది. "ఓడినవంటే జిందగీ అంతా పోపు వకీల్ అంటరమ్మా, జర సోచాయించు" అన్నారు సీనియర్. ఆ మాటతో ఇంకా పట్టుదల పెరిగింది.

చూసి రమ్మని కోర్టు ఒక పెద్ద వకీలును కమిషనరుగా పంపింది. వచ్చే రోజు ఇరుపక్షాలకూ ముందే చెప్పాలి కదా, మెస్సన్న ఆ పూట అందరికీ పెరుగన్నం పెట్టి చేతులు దులుపుకున్నాడు. కమిషనరుగారు అమ్మ గదిలో కుర్చీ వేసుకుని, కిటికీ తెరిపించి, గంటసేపు ముక్కు ఎగబీల్చారు. ఏమీ లేదు. అంతలో గదంతా ఘాటు కమ్మింది. ఆయన మూడుసార్లు తుమ్మి ఉత్సాహంగా కలం తీశారు. నా గుండె పొంగింది. తీరా చూస్తే ఆ ఘాటు మా వంటింట్లోంచే వస్తోంది. "పెద్దమనిషి ఇంటికొచ్చిండు, తినకుండ ఎట్ల పంపుత బిడ్డా?" అంటూ అమ్మ పచ్చిపులుసుకు పోపు పెడుతోంది. ఒక్కసారి కూడా దగ్గలేదు. ఆయన మెస్సులోకీ తొంగిచూసి, చూసింది చూసినట్టు రాసుకుని వెళ్ళిపోయారు.

కోర్టులో అవతలి వకీలుకు పండగే. "అయ్యా, సొంత పోపుకు రాని దగ్గు పక్కింటి పోపుకే వస్తదా?" హాలంతా నవ్వింది. (నవ్విన వాళ్ళలో ఇద్దరు ఇప్పుడు నా దగ్గరికి సలహాలకు వస్తారు. నేను టీ ఇవ్వను.) నేను గొంతు పెంచాను. "మా అమ్మది ఇద్దరికి సరిపడా పోపు, నిమిషంలో చల్లారుతుంది. అవతలిది వంద మందికి, రోజూ మూడు పూటలు. ఇరుగుపొరుగన్నాక ఒకరి వంట వాసన ఒకరు ఓర్చుకోవాల్సిందే. కానీ కిటికీ మూసుకుని బతకమనడం న్యాయం కాదు. వంట మానమనడం లేదు, పొగను పైకి పంపమంటున్నాం" అన్నాను. జడ్జిగారు రిపోర్టు తిరగేసి మెస్సన్నను ఒక్కటే అడిగారు. "మీ పోపుతో ఎవరికీ ఇబ్బంది లేకపోతే, కమిషనర్ వచ్చిన పూట పెరుగన్నం ఎందుకు పెట్టారు?" మెస్సన్న "అంటే సార్... ఆ రోజు... ఎండలు గదా..." అని తల గోక్కున్నాడు. మిద్దె దాటేలా గొట్టం పెట్టాలని ఉత్తర్వు వచ్చింది.

గొట్టం లేచిన రోజు చిక్కడపల్లి నుంచి లడ్డూలు తెచ్చి వీధంతా పంచాను. మెస్సన్నకు ఒకటి ఎక్కువే ఇచ్చాను. అమ్మ చాలా నెలల తర్వాత కిటికీ తెరిచింది. చల్లటి గాలి వచ్చింది. నేను మెప్పు కోసం పక్కనే నిలబడ్డాను. అమ్మ రెండుసార్లు వాసన చూసి, "గెలిచినవ్ గని బిడ్డా, ఇయాల మెస్సుల ఏం కూరనో తెలుస్తనే లేదు" అంది.

రెండు రోజులు అమ్మతో మాట్లాడలేదు. తాను గెలిచి తెచ్చిన గాలికే ఎదురుగా కూర్చుని, మూతి ముడుచుకున్న ఆ పిల్ల వకీలు గుర్తొస్తే ఇప్పుడు నవ్వొస్తుంది. అయినా ఆ వీధిలోంచి వెళ్తే, తలెత్తి ఆ గొట్టాన్ని చూడకుండా మాత్రం దాటను.