ములుగు అడవిలో చీపురు పక్కన పెట్టిన రోజు

మా తమ్ముడు రవీందర్ కేసముద్రం దగ్గరి తన మామిడి తోట పైమట్టిని ఇటుక బట్టీకి అమ్మేస్తానన్నాడు. నేల గట్టిపడిపోయింది. నీళ్లు పోస్తే ఇంకకుండా పక్కకు పారుతున్నాయి. నాటిన మొక్కల్లో సగం ఎండిపోయాయి. బట్టీ యజమాని ఆదివారం సాయంత్రానికల్లా మాట చెప్పమన్నాడట. హనుమకొండ కాలేజీలో వృక్షశాస్త్రం చెప్పే మా చిన్న చెల్లెలు సుజాత ఒక్కటే అంది: "జర ఆగు అన్నా. మాటిచ్చే ముందుగాల ఒక్కసారి అడవి మట్టి చూసొద్దాం." అలా ఆ ఆదివారం పొద్దున్నే ముగ్గురం బయలుదేరాం. ఇంటికి పెద్దదాన్ని కాబట్టి, వాళ్లిద్దరి మధ్య సీటు నాది.

హనుమకొండ నుంచి ములుగుకు బస్సులు తరచుగా ఉంటాయి. గంటా గంటంబావు ప్రయాణం. ఆధార్ కార్డు చూపితే ఆడవాళ్లకు టికెట్ లేదు. "నేనొక్కన్నే పైసలు కట్టేటోన్ని," అని తమ్ముడు గొణిగాడు. "మట్టి అమ్ముతానవ్ గద, షావుకారివి," అంది సుజాత. ములుగులో చాయ్ తాగి, సమ్మయ్య అనే డ్రైవర్ జీపు మాట్లాడుకున్నాం. అడవి అంచున ఉన్న తన ఊరు చూపిస్తాననీ, వాళ్లమ్మ నర్సక్క వండిపెడుతుందనీ చెప్పాడు. భోజనంతో కలిపి ముగ్గురికీ పదిహేను వందలు. బేరం ముందే మాట్లాడుకోవడం ఇద్దరికీ మంచిది.

నర్సక్కే మమ్మల్ని అడవిలోకి తీసుకెళ్లింది. ఊరు దాటి కొంచెం నడిస్తే ఇప్పచెట్టు మొదట్లో అమ్మవారి రాయి ఉంది. పసుపూ కుంకుమా తప్ప గుడి లేదు, గోడ లేదు. మాఘమాసం కదా, టేకు ఆకులు, మద్ది ఆకులు పాదాలు మునిగేంతగా రాలి ఉన్నాయి. అమ్మ చుట్టూ ఇంత చెత్తా అనిపించింది. రోజూ గుడి వాకిలి ఊడ్చే చేయి ఊరుకోదు. కొంగు దోపుకొని, నాలుగు ఎండు రెమ్మలు చీపురులా పట్టుకొని ఊడవడం మొదలుపెట్టాను.

వెనక నుంచి నర్సక్క కేకేసింది. "ఓ బిడ్డా! ఏం జేస్తానవ్? అమ్మ కప్పుకున్న చద్దర్ గుంజుతానవా?"

చేయి అక్కడే ఆగిపోయింది. "సేవ చేద్దామని, అమ్మా..."

"సేవ జేస్తనంటే మా ఇల్లు ఊడ్వు, ఒద్దంటనా? ఈడ మాత్రం మేం ఊడ్వం. ఎండకాలం చద్దర్ లేకుంటె అమ్మకెట్ల?"

సమ్మయ్య పగలబడి నవ్వాడు. "ఫికర్ చేయకుండ్రి మేడం, నన్ను గూడ గిట్లనే తిట్టింది."

నేను ఊడ్చిన అంచు దగ్గర సుజాత కూర్చొని, ఆకుల్ని పొరలుగా తొలగిస్తూ చెప్పసాగింది. పైన ఎండుటాకులు, వాటి కింద సగం చివికిన ఆకులు, వాటి మధ్య నూలుపోగుల్లాంటి తెల్లటి బూజు, అన్నిటికీ అడుగున నల్లటి, మెత్తటి మట్టి. తొలకరి వాసన వేసింది. ఆకు రాల్చే ముందు చెట్టు అందులోని సారాన్ని కొంత వెనక్కి తీసుకుంటుందట. మిగిలినదాన్ని ఆ బూజు, చెదలు, వానపాములు, కంటికి కనబడని జీవులు అరిగించి వేళ్లకు అందిస్తాయట. ఆకు గాలి నుంచి తీసుకున్న కర్బనంలో చాలావరకు మళ్లీ గాలిలో కలుస్తుంది. కొంత మాత్రం మట్టి రేణువులను అంటిపెట్టుకొని ఏళ్ల తరబడి నేలలోనే ఉండిపోతుంది. అడవి అంటే పైకి కనబడే చెట్లే అనుకునేదాన్ని. దాని కొట్టుగది మన కాళ్ల కింద ఉంది.

తమ్ముడు నమ్మకం కుదరక సీసాలో నీళ్లు ఆ మట్టి మీద పోశాడు. పారతాయని చూస్తూ నిలబడ్డాడు. "పెద్దక్కా, నీళ్లు ఏడికి పోయినయ్?" అన్నాడు చిన్నపిల్లాడిలా. వెంటనే, "సమ్మయ్యా, గీ మట్టి ఒక ట్రాక్టర్ దొరుకుతదా?"

"అన్నా! అడవి మట్టి తీసుకపోవుడు నేరం," అంది సుజాత. "తీసుకపోయినా ఏం లాభం? ఆకు రాలంగనే అగ్గి పెడ్తవ్. సగం పొగల పోతది, ఉన్న బూడిద మొదటి వానకు కొట్టుకపోతది."

"చేను అద్దం లెక్క ఉండాలె గద."

"అద్దంల ఏం మొలుస్తది కొడకా?" అంది నర్సక్క.

నేను ఊడ్చిన ఆకులను చేతులతో మళ్లీ అమ్మ చుట్టూ సర్దాను. సంచిలో తెచ్చిన కర్పూరం వెలిగించలేదు. చేతులు జోడించి తమ్ముడి చేను గురించే అడిగాను.

నర్సక్క పెట్టిన జొన్నరొట్టె, పప్పు, టమాట తొక్కు తిని ములుగుకు తిరిగొచ్చేసరికి సాయంత్రమైంది. బస్టాండులో తమ్ముడి ఫోను మోగింది. "లేదన్నా, మట్టి ఇయ్య. పైసల కోసం కాదు. దానికి చద్దర్ లేక గట్లయింది." బట్టీ యజమానికి ఏం అర్థమైందో దేవుడికే తెలియాలి. ఫోను జేబులో పెట్టుకొని నా వైపు తిరిగాడు. "పెద్దక్కా, రేపు చేన్లకు రా. చీపురు మాత్రం తేకు."

నేల కోలుకోవడానికి ఏళ్లు పడుతుందని సుజాత ముందే చెప్పింది. కానీ ఈసారి మామిడి ఆకులు మొక్కల మొదట్లోనే ఉంటాయి. ఇన్నేళ్లుగా శుభ్రం చేయడమే భక్తి అనుకున్నాను. రాలినదాన్ని రాలినచోటే ఉండనివ్వడంలోనూ అంతే భక్తి ఉందని ఆ ఇప్పచెట్టు కింద తెలిసింది. ఆకు రాలే కాలంలో అటు వెళ్లేవాళ్లకు ఒక్క మాట: అగ్గిపెట్టె ఇంట్లోనే వదిలి వెళ్లండి. అక్కడి అమ్మకు దీపం అక్కర్లేదు, చేతులు జోడిస్తే చాలు.