చుక్కమ్మ కొత్త భాష

ఆఫీసులో ఆవిడ అసలు పేరు జీతాలు వేసేవాళ్లకు తప్ప ఎవరికీ గుర్తులేదు. అందరికీ చుక్కమ్మే. బస్సు టికెట్లమ్మే ఆ కంపెనీలో సీట్లు కేటాయించే ప్రోగ్రామ్‌ను పెళ్లికాక ముందు రాసింది. మనవరాలు పుట్టాక కూడా దాన్నే కనిపెట్టుకుని ఉంది.

ఆ పేరు పెట్టింది ఆమెకు పని నేర్పిన గురువుగారు. ఆ పాత కంప్యూటర్ భాషలో వాక్యం అయిపోయిందనడానికి చివర చుక్క పెట్టాలి. చేరిన కొత్తలో ఈవిడ చుక్క మర్చిపోవడం, ఆయన గది ఆ చివరి నుంచి "చుక్కేదే తల్లీ?" అని కేకెయ్యడం, అందరూ గొల్లున నవ్వడం! ఎంత మంచి రోజులవి! మిషన్ల కోసం గదంతా చల్లగా ఉంచేవారు. వీళ్లేమో స్వెటర్లేసుకుని, ఒకే ఫ్లాస్కులో టీ పంచుకుంటూ, నల్ల తెర మీద ఆకుపచ్చ అక్షరాల ముందు కూర్చునేవారు. సీట్ల ప్రోగ్రామ్‌ను ఆయన పక్కనే ఉండి లైనులైనూ దిద్దించాడు.

ఇప్పుడు ఆ గదీ లేదు, ఆయనా లేడు. పాతది తీసేసి కొత్త భాషలో రాయాలని పైవాళ్లు తేల్చేశారు. శుక్రవారానికి రాసి నడిపి చూపిస్తే సరే, లేకపోతే చుక్కమ్మ ఫోన్లెత్తే విభాగానికి పోవాలి.

కొత్త భాష మూడు చెరువుల నీళ్లు తాగించింది. చిన్న పనికి కూడా ఎవరెవరో రాసిన ముక్కలు తెచ్చి కలపాలట. తెస్తే, వాటిలో వాటికి పడదట! అన్నీ సర్దుకున్నాయనుకున్న పూట ఒక లైను కింద ఎర్రగీత పడింది. ఆ లైనులో తప్పేం కనపడదు. పొద్దున్నుంచీ దాన్నే చెరిపి రాస్తోంది, రాసి చెరుపుతోంది.

"నీ మొహం మండ! నీకేం అపకారం చేశానే?" అని స్క్రీన్‌ను తిట్టిపోసింది.

కూతురి ఈడు టీమ్ లీడరు కుర్చీ లాక్కుని వచ్చింది. "పై లైను చూడండి మేడమ్. చివర చుక్కెందుకు పెట్టారు?"

"అయిపోయింది కదమ్మా!"

"ఇందులో చుక్కంటే అయిపోయినట్టు కాదు మేడమ్. ఇంకా ఉంది, కింది లైను కూడా దీంతోనే అని."

చుక్కమ్మ నోరెళ్లబెట్టింది. "బాగుందమ్మా వరస! పెట్టకపోతే మా గురువుగారు తిట్టేవాడు, పెడితే నువ్వు తిడుతున్నావ్!"

ఇద్దరూ పడీపడీ నవ్వారు. ఆ నవ్వులో ఆవిడకు గురువుగారు ఎంత గుర్తొచ్చాడో చెప్పలేం. అప్పటినుంచి అలవాటుకొద్దీ పడిన ప్రతి చుక్కనీ తుడుస్తుంటే, ఆయన మాట కాదంటున్నట్టే అనిపించింది.

శుక్రవారం కొత్త ప్రోగ్రామ్ నడిచింది. సీట్లన్నీ సరిగ్గా పడ్డాయి. అందరూ చప్పట్లు కొట్టారు. ఫోన్ల గండం గడిచింది.

"పాతదాన్ని మీ చేత్తోనే ఆపండి మేడమ్, మీరు రాసిందేగా," అంది లీడరు, గౌరవంగానే.

చుక్కమ్మ ఆపింది. ఆపి, కొంగు నోటికడ్డం పెట్టుకుని వెక్కి వెక్కి ఏడ్చింది.

"అదేంటి మేడమ్, గెలిచారుగా!"

"గెలిచానమ్మా. ఆయన దిద్దినవాటిలో ఇప్పటిదాకా నడుస్తూ వచ్చింది ఆ పాతదొక్కటే."