మర్నాటి పేజీ

నల్లగండ్లలో మా ఇంటి పక్క ఖాళీ స్థలంలో కొత్త అపార్ట్‌మెంట్ లేస్తోంది. ఉదయం నేను బాల్కనీలో పత్రిక తెరిచే వేళకు అక్కడి వాచ్‌మన్ రబ్బరు గొట్టం పట్టుకుని, కొత్తగా పోసిన స్లాబుకు నీళ్ళు పడుతుంటాడు. ఇంకా వేడి చల్లారని సిమెంటు మీద నీళ్ళు పడగానే ఒక వాసన లేస్తుంది. తొలకరి మట్టి వాసన కాదది. సున్నం, ఇనుము, తడిసిన గోనెసంచి కలిసిన వాసన. చుట్టుపక్కల ఎవరూ దాన్ని పట్టించుకోరు. నాకు మాత్రం అది సోకిన మరుక్షణం అనసూయ గారు గుర్తుకు వస్తారు. ఆమె ఎంత పోరాడినా జనం చెవికి చేరకుండా పోయిన ఒక కథ కూడా గుర్తుకు వస్తుంది. పత్రిక మడిచి పక్కన పెట్టేస్తాను.

అనసూయ గారు నాకు పై అధికారి, వయసులో నాకన్నా చిన్నవారు. ప్రభుత్వ అనువాద విభాగంలో పదవీ విరమణ చేశాక నేను మాదాపూర్‌లో, ఫోన్లో కథలు వినిపించే ఒక సంస్థలో భాషా పరిశీలకుడిగా చేరాను. రచయితలు పంపిన కథలను రికార్డింగుకు వెళ్ళేలోపు చదివి తప్పులు దిద్దడం నా పని. ఏ కథ తీసుకోవాలో, ఏది తిప్పి పంపాలో నిర్ణయించడం ఆమె పని. అంతకుముందు ఆమె ఒక దినపత్రిక ఆదివారం సంచికలో చాలా ఏళ్ళు కథలు ఎంపిక చేశారు. పుట్టింది శేరిలింగంపల్లి పక్క పల్లెలోనే. ఆ పల్లె పేరు ఇప్పుడు ఒక బస్ స్టాపుకు మాత్రమే మిగిలింది. ఏ అభ్యంతరమైనా కాగితం మీద పెట్టి, తేదీ వేసి, నకలు దాచుకోవడం నాకు ఉద్యోగ జీవితం నేర్పిన అలవాటు. ఆమె దాన్ని చూసి నవ్వేవారు. "మూర్తి సార్ తుమ్మినా ఫైల్ల పెడ్తరు" అని అందరి ముందూ అనేవారు.

చేరిన కొత్తలో ఒక కథ మీద నేను అలాంటి అభ్యంతరమే రాసి పంపాను. అందులో మంచాన పడిన అత్తను కోడలు గిల్లుతుంది. కొట్టదు, తిట్టదు. పక్కబట్టలు మార్చేటప్పుడు మోచేతి లోపలి వైపు గిల్లి, ఏమీ జరగనట్టు దుప్పటి కప్పుతుంది. ఇంత క్రూరత్వం వినిపించడం శ్రోతలకు హానికరమనీ, ఆ భాగం తొలగించాలనీ నేను రాశాను. అదే వారం వచ్చిన మరో కథలో ఒక హంతకుడు భాగానికొకరి చొప్పున చంపుకుంటూ పోతాడు. దానిలో నేను అచ్చుతప్పులు దిద్ది ఊరుకున్నాను. కల్పిత రక్తపాతమే కదా అనుకున్నాను.

అనసూయ గారు రెండు కథలూ నా ముందు పెట్టారు.

"జర ఈ హంతకుడి కథ పైకి చదవండి సార్."

ఒక భాగం చదివాను. ఆమె కాగితం మీద చెయ్యి పెట్టి నన్ను ఆపారు. "ఇప్పుడు చచ్చిపోయిన పిల్ల పేరేంది?"

నాకు గుర్తు రాలేదు. వెనక్కి తిప్పి చూశాను. పేరు లేదు. మొదటి నుంచి చివరి దాకా "ఆ అమ్మాయి" అనే ఉంది.

"మరి ఆ మంచం మీది అత్త పేరు?"

"సుభద్రమ్మండి. కొడుకు లోపలికొస్తే గిల్లిన చోట కొంగు కప్పుకుంటుంది" అన్నాను.

"చూసిన్రా. చదివి వారమైనా ఆమె కొంగు గూడ మీకు యాదికుంది. మీరు కొట్టేయమన్నది దాన్నే." ఆమె నా అభ్యంతరాన్ని చింపలేదు. దాని కింద ఒక్క మాట రాసి తిరిగి ఇచ్చారు: "నెత్తురెంత అని కాదు, ఎవరిదో తెలుసా అని చూడాలి."

అప్పటిదాకా చీకటి కథ అంటేనే నాకు అనుమానం. అది ఎంత తగ్గితే అంత మర్యాద అనుకునేవాణ్ణి. చీకటిని మోసే కథకూ, చీకటి రంగు పూసుకుని తిరిగే కథకూ మధ్య గీత ఎక్కడుందో ఆమె నాకు చూపించారు. రెండో రకం కథ మనల్ని భయపెడుతున్నట్టు నటిస్తుంది గానీ నిజానికి మన జోలికి రాదు. చచ్చేవాళ్ళు ఎవరికీ ఏమీ కారు. చంపేవాడు మన వీధిలో ఉండడు. విన్నవాడు తనకేదో ధైర్యం ఉందనుకుంటూ, ఏమీ పోగొట్టుకోకుండా ఇంటికి పోతాడు. మొదటి రకం కథ ఒక్క చుక్క నెత్తురు చూపకపోయినా, మన చెయ్యి ఎవరి మోచేతి మీద ఉందో వెతుక్కునేలా చేస్తుంది.

ఆ గీతను పట్టుకోవడానికి ఆమె ఒక పద్ధతి పెట్టారు. కథలో ఎవరైనా చచ్చినా, చెడినా, ఘోరం జరిగినా, మర్నాడు పొద్దున ఆ ఇంట్లో ఏం జరిగిందో రచయిత ఒక పేజీ రాసి ఇవ్వాలి. అది కథలో ఉండనక్కర్లేదు, ప్రసారం కానక్కర్లేదు. ఆమె చదువుతారు, అంతే. ఆఫీసులో దానికి మర్నాటి పేజీ అని పేరు పడింది. రచయితలు విసుక్కునేవారు. దెయ్యం కథలు రాసే ఒకాయన ఒకసారి, "మేడమ్, మా వాడు దెయ్యమండి, దెయ్యానికి మర్నాడేముంటుంది?" అని వేళాకోళం చేశాడు. "దెయ్యానికి లేకుంటే పాయె. పొద్దున్నే ఆ ఇంటికి పాల ప్యాకెట్ ఏసేటోడు ఉంటడు గద. ఆయన తలుపు కొడితే ఎవరు తీసిన్రో రాయండి" అన్నారామె. ఆయన రాయలేకపోయాడు. ఆ కథను ఆయనే వెనక్కి తీసుకున్నాడు. కథలో శవం ఉంది తప్ప ఇల్లు లేదని ఆయనకే తెలిసింది.

యాదగిరి అనే కొత్త రచయిత మాత్రం అడక్కుండానే ఆ పేజీ రాసుకొచ్చాడు. పగలు సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ ఉద్యోగం. తల్లితో మణికొండలో కిరాయి ఇంట్లో ఉండేవాడు. అతని కథ కట్టుబడిలో ఉన్న ఒక భవనం సెల్లార్‌లో జరుగుతుంది. వాచ్‌మన్ తాగి వస్తాడు. జ్వరంతో ఏడుస్తున్న చిన్న కూతుర్ని ఒక్క దెబ్బ కొడతాడు. పిల్ల నీళ్ళ సంపు అంచుకు తగిలి పడుతుంది, మళ్ళీ లేవదు. మెట్ల మీద జారిపడిందని అందరికీ చెప్పమంటే తల్లి అలాగే చెబుతుంది, అన్న కూడా అలాగే చెబుతాడు. మర్నాడు పొద్దున వాచ్‌మన్ పైకెక్కి స్లాబుకు నీళ్ళు పడతాడు. పట్టకపోతే యజమాని వెళ్ళగొడతాడు. దిగి వచ్చాక భార్య కంచంలో అన్నం పెడుతుంది. అతను తింటాడు. కథ అంతే.

అనసూయ గారు చదివి లేచి, కిటికీలోంచి కోకాపేట వైపు క్రేన్లను చూశారు. తర్వాత అడిగారు. "ఆ అన్న నువ్వేనా, యాదగిరీ?"

"అవును మేడం."

"అమ్మకు తెలుసా, రాసినవని?"

"తెల్వది. కథ వచ్చినంక నేనే వినిపిస్తా. మా చెల్లె గురించి ఇంట్ల మేం ఎన్నడు మాట్లాడుకోలే. గిట్లనన్న మాట్లాడుకుంటమని."

ఆ కథ మీద ఆమెకున్న పంతం ఇక్కడే మొదలైంది. అది ఒక సంస్థ ప్రసారం చేయాల్సిన సరుకు కాదు, ఒక తల్లీ కొడుకూ ఏళ్ళ తరబడి తెరవని నోరు. ఒక్క అక్షరం మార్చకుండా రావాలని ఆమె కథ మీద రాశారు. నేనూ సంతకం చేశాను.

ప్రసారాలు చూసే కార్తీక్ చెడ్డవాడు కాడు. మర్యాదగా మాట్లాడే విజయవాడ కుర్రవాడు. "మేడమ్, రైటింగ్ చాలా బాగుందండి. కానీ ఎండింగ్ లేదు. ఆవిడ ఊరికే అన్నం పెట్టేయడమేంటండీ? జనానికి డార్క్ కావాలి, బోల్డ్‌గా కావాలి. ఆవిడ గొడ్డలి తీసుకోవాలి" అన్నాడు.

"ఆమె దగ్గర గొడ్డలి లేదు."

"కథే కదండీ, పెడదాం. ఇంత నొప్పి ఎవరూ వినరు మేడమ్, మధ్యలో ఆపేస్తారు. వినేవాళ్ళే లేకపోతే మీ నిజం ఎవరికండీ?"

ఆ ప్రశ్నలో బలం లేదని నేను అనను. అనసూయ గారు కూడా అనలేదు. "ఆపేస్తే ఆపనీ. ఆపినోడికి ఎందుకు ఆపిండో తెలుస్తది. గొడ్డలి తీస్తే అందరికి హాయిగుంటది కార్తీక్. లెక్క తేలిపోయిందని పండుకుంటరు. ఆమెకు లెక్క తేలలే. ఆయనకే వండి పెట్టి బతకాల్సొచ్చింది. చీకటి అంటే గది" అన్నారు.

అనసూయ గారు వారం పాటు సెలవులో ఉన్నప్పుడు కథను మార్చేశారు. నన్ను అడగలేదు. నా పరిశీలనకు పంపలేదు. కథ మీద హక్కులు సంస్థవి కాబట్టి యాదగిరిని అడగాల్సిన పని లేదన్నారు. గొడ్డలి వచ్చింది. సంపు నిండా రక్తం వచ్చింది. తల్లి నవ్వు వచ్చింది. రచయితగా యాదగిరి పేరూ, సంపాదకురాలిగా అనసూయ గారి పేరూ అలాగే ఉంచారు. నేను అభ్యంతరం రాసి యాజమాన్యానికి పంపాను. గుర్తు చేస్తూ మళ్ళీ రాశాను. ఆ కాగితాలకు ఈ రోజు వరకూ జవాబు లేదు. జవాబుగా వచ్చింది కేకు. కథ బాగా నడుస్తోందని ఆఫీసులో సంబరం చేశారు. తెల్లని క్రీము మీద గొడ్డలి బొమ్మ, దాని చుట్టూ ఎర్రటి పాకం. సెలవు ముగించుకుని వచ్చిన అనసూయ గారి చేతికి చాకు ఇచ్చి కోయమన్నారు. ఆమె మెడలోని ఐడీ కార్డు తీసి కేకు పక్కన పెట్టి, లిఫ్ట్ వైపు నడిచారు. నా రాజీనామాకు కారణాలు వివరంగా రాసి, నేనూ ఆ నెలలోనే బయటికి వచ్చాను.

కానీ యాదగిరి తల్లి నర్సమ్మ అప్పటికే వినేసింది. పక్కింటివాళ్ళు అతని పేరు గుర్తుపట్టి, నీ కొడుకు కథ అంటూ ఫోన్ చేతికిచ్చారట. ఆమె చివరిదాకా విని ఫోన్ తిరిగి ఇచ్చేసింది. సాయంత్రం కొడుకు ఇంటికి వచ్చాక ఒక్కటే అడిగింది. "నేను గట్ల చెయ్యాల్సుండె అంటవా బిడ్డా?"

యాదగిరి ఆ మాట మాకు చెప్పినప్పుడు అనసూయ గారి ముఖం ఎలా మారిందో నేను వర్ణించను. ధైర్యమైన కథ అని ఊళ్ళో అందరూ మెచ్చుకున్నదాన్ని విని, ఆ బతుకు బతికిన మనిషి తన మీద నేరం మోపారనుకుంది. గొడ్డలి తీయకపోవడం తన తప్పనుకుంది. బోల్డ్ అనే మాట విన్నప్పుడల్లా నాకు ఒళ్ళు మండడం అప్పటి నుంచే.

మరుసటి ఆదివారం యాదగిరి మా ఇద్దర్నీ మణికొండ తీసుకెళ్ళాడు. అనసూయ గారు నేల మీద నర్సమ్మకు ఎదురుగా కూర్చుని, యాదగిరి మొదట రాసిన కథను పైకి చదివారు. నర్సమ్మ కళ్ళు దించుకుని విన్నది. కూతురి జ్వరం దగ్గర ఏడవలేదు. సంపు దగ్గరా ఏడవలేదు. కంచంలో అన్నం పెట్టే చోటు వచ్చాక చెయ్యెత్తి ఆపింది.

"అన్నం పెట్టిన, నిజమే. పెట్టకుంటే కొడ్తడు, పిలగాడున్నడు. గని నీళ్ళియ్యలే."

మాకు అర్థం కాలేదు.

"కంచం పక్కకు చెంబు పెట్టలే. ఆయన సూసిండు. అడగలే. లేసి పోయి బయట నల్ల తిప్పుకొని తాగిండు. ఆ పొద్దు సంది నా చేత్తోటి ఎన్నడు నీళ్ళియ్యలే. సచ్చేనాడు నోట్ల నీళ్ళు పొయ్యమన్నరు. పొయ్యలే."

యాదగిరి గోడకు ఆనుకున్నాడు. "చెయ్యి వణుకుతుందన్నవ్ గదనే అమ్మా. నేను పోస్తి."

"నువ్వు కొడుకువు. పొయ్యాలె" అన్నది నర్సమ్మ. ఆ తర్వాత ఏడ్చింది. ఆ తల్లీ కొడుకులు మాట్లాడుకోవడం మొదలుపెట్టాక మేమిద్దరం బయటి మెట్ల మీద కూర్చున్నాం. అనసూయ గారు కళ్ళద్దాలు కొంగుతో తుడుచుకుంటూ, "మర్నాటి పేజీ మనం అడుగుతనే ఉన్నం గని సార్, రాసేటోళ్ళు వేరే ఉన్నరు" అన్నారు.

నిరుడు వేసవిలో అనసూయ గారు దవాఖానలో కన్నుమూశారు. చెంబు పెట్టని సంగతి చేర్చి యాదగిరి తిరగరాసిన చివరి పేరా చదివి, ఏమీ దిద్దకుండా తలగడ కింద పెట్టుకున్నారని వాళ్ళ అమ్మాయి చెప్పింది. ఆ కథ ఎక్కడా రాలేదు. రాదు కూడా, హక్కులు ఇంకా ఆ సంస్థవే. గొడ్డలి కథ మాత్రం ఇప్పటికీ నడుస్తోంది. మెట్రోలో నా పక్కన కూర్చున్నవాళ్ళ ఫోన్లో దాని బొమ్మ కనబడితే ముఖం తిప్పుకుంటాను.

ఉదయం పక్క స్థలంలో వాచ్‌మన్ స్లాబుకు నీళ్ళు పట్టి, గొట్టం చుట్టి కిందికి దిగుతాడు. ఇటుకల వరస మీద కూర్చుంటాడు. సెల్లార్‌లోంచి అతని భార్య కంచం తీసుకుని వస్తుంది. వాళ్ళు నాకు ఏమీ కారు. వాళ్ళింట్లో ఏ చెడూ జరిగి ఉండకపోవచ్చు. అయినా రోజూ పత్రిక మడిచి, బాల్కనీ అంచు దాకా వెళ్ళి, ఆమె రెండో చేతిలో చెంబు ఉందా లేదా అని చూస్తాను.