ఉక్రెయిన్ అక్క నోటుబుక్కు

అరవై దాటే వరకు నాకు రాయడం రాలేదు. బయ్యారం దగ్గరి మా ఊళ్ళో మా అక్క చింతకాయలు దులపడానికి చెట్టెక్కి, కొమ్మ విరిగి కింద పడింది. అప్పుడు దానికి పన్నెండేళ్ళు, నాకు ఏడు. నడుము పడిపోయింది, మళ్ళీ లేవలేదు. అమ్మ, నాయిన కూలికి పోతే దాని దగ్గర ఎవరో ఒకరు ఉండాలి. నీళ్ళు తాగించాలి, ఈగలు తోలాలి, పుండ్లు పడకుండా పక్కకు తిప్పాలి. నన్ను బడిలో వెయ్యాల్సిన ఏడాదే అది. బడికి బదులు అక్క మంచం పక్కన కూచోబెట్టారు. తొమ్మిదేళ్ళు కూచున్నాను. అక్క పోయాక నాకు పెళ్ళి చేశారు. ఆ తర్వాత బడి మాట ఎవరూ ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు.

నాకు అక్షరాలు నేర్పింది మనవరాలు. మా బిడ్డ చెల్పూర్ కరెంటు ప్లాంటు క్యాంటీన్‌లో వంట చేస్తుంది. అల్లుడు లారీ మీద తిరుగుతాడు. మనవరాలిని చూసుకోవడానికి నేను వాళ్ళ దగ్గరే ఉంటున్నాను. తనకు హోంవర్కు విసుగనిపించినప్పుడల్లా నన్ను ఎదురుగా కూచోబెట్టి స్కేలు పట్టుకునేది.

"గీత మీద రాయి అమ్మమ్మా. కిందికి జారుతున్నవ్."

"చెయ్యి అలవాటు గాలే బిడ్డా."

"నీకు మార్కులు గుండుసున్న. చెంపలేసుకో."

వేసుకునేదాన్ని. రెండేళ్ళకు చదవడం వచ్చింది. ముందు బస్సు బోర్డులు, తర్వాత పప్పు ప్యాకెట్లు. మొదలు నుంచి చదవాలని కూచున్న మొదటి పుస్తకం మాత్రం మనవరాలు రాసుకున్న నోటుబుక్కే. అట్ట మీద 'ఉక్రెయిన్ అక్క' అని ఉంది.

మనవరాలు భూపాలపల్లిలో జిమ్నాస్టిక్స్ నేర్చుకుంటుంది. రోజూ సాయంత్రం ఆటోలో తీసుకుపోయేది నేనే. ఆ ఉక్రెయిన్ ఆమె కూడా జిమ్నాస్టే. మనవరాలు ఫోన్‌లో ఆమె ఆటలన్నీ చూసి, ఎక్కడెక్కడో చదివి, ఆమె సంగతులు తెలుగులో రాసుకుంది. పేరు పలకడం కష్టమని అక్క అనే రాసింది. "అక్క ఆరేళ్ళకు మొదలుపెట్టింది. వాళ్ళ హాల్లో చలికి నోట్లోంచి పొగ వస్తది." "మొదటి పోటీలో బీమ్ అనే సన్నటి దూలం మీద నుంచి రెండుసార్లు పడింది. ఏడవలేదు." "పద్నాలుగేళ్ళకు దేశం తరఫున పోయింది. పట్టుకొని ఊగే బార్ల మీద రెండో స్థానం." రోజుకు ఒక పేజీ చొప్పున వేలు పెట్టి చదివాను. నడిమి పేజీ ఎర్ర పెన్నుతో ఉంది. "వాల్ట్‌లో పడింది. మోకాలు తిరిగిపోయింది. మెడకు దెబ్బ. నాలుగు నెలలు మంచం."

నేను అక్కడే ఆగిపోయాను. పుస్తకం మూసి బియ్యం డబ్బా మీద పెట్టాను. ఆ తర్వాతి పేజీ తిప్పలేదు.

వాల్ట్ అంటే దూరం నుంచి పరుగెత్తుకొచ్చి, స్ప్రింగు పలక మీద దుమికి, బల్లకు చేతులు ఆనించి, గాలిలో తిరిగి అవతల దిగడం. ఇది నాకు చెప్పింది కూడా మనవరాలే. నేను ఒక్కనాడూ లోపలికి పోయి చూడలేదు. వాళ్ళు ఆడే షెడ్డు మెట్ల మీద బయటికి తిరిగి కూచుంటాను. నేర్పించే మేడం నవ్వేది.

"పిల్లల కన్నా నీకే ప్రాక్టీసు ఎక్కువైతుంది అవ్వా. దినాం గీ మెట్ల మీద కూసునుడు."

"నాకు గిదే వస్తది మేడం."

చూడకపోయినా చెవులు ఊరుకోవు. ముందు పాదాల చప్పుడు, తర్వాత పలక దడేలుమనడం. ఆ తర్వాత ఏమీ వినపడదు. ఆ కాసేపట్లో నా మనవరాలు నేల మీద ఉండదు. పరుపు మీద పడ్డ చప్పుడు వినపడ్డాక, మేడం తిట్టో మెచ్చుకోలో వినపడ్డాక నాకు ఊపిరి ఆడేది. తిట్టు వినపడితే ఇంకా సంతోషం. తిడుతున్నారంటే పిల్ల నిలబడి ఉందన్నమాట.

జనగామలో ఎంపిక పోటీలు పెట్టారు. అందులో గెలిస్తే రాష్ట్ర జట్టు. మనవరాలు బార్లు, బీమ్, వాల్ట్ మూడూ చెయ్యాలని మేడం చెప్పింది. ఇంట్లో ఆ రోజు సేమియా వండుకున్నారు. నా వాటా పిల్లకే పెట్టేశాను. స్నానం చేయిస్తుంటే పిల్ల వీపు మీద చెయ్యి పెట్టి, ఎముకలు ఒక్కొక్కటే తడిమాను. మా అక్క వీపు తుడిచినప్పుడు అట్లాగే తగిలేవి. "ఏంది అమ్మమ్మా, చక్కిలిగిలైతంది" అని అది నవ్వింది.

మర్నాడు మనవరాలు బడికి, బిడ్డ డ్యూటీకి పోయాక నోటుబుక్కులోంచి ఒక కాగితం చింపాను. "మేడంకు నమస్కారం. పాప కాలు నొప్పిగా ఉన్నది. జనగామకు పంపించడం లేదు" అని రాశాను. కింద నా పేరు కాకుండా బిడ్డ పేరు పెట్టాను. నా చేతితో ఇంకొకరికి రాసిన మొదటి చీటీ అది. రాసి చూసుకుంటే అక్షరాలన్నీ గీత మీదే నిలబడ్డాయి. సిగ్గులేకుండా సంతోషపడ్డాను.

భూపాలపల్లికి ఒక్కదాన్నే పోయి ఇచ్చాను. మేడం రెండుసార్లు చదివింది.

"నిన్న మంచిగనే దుంకింది గద అవ్వా?"

"నిన్న తెల్వలే. పొద్దుగాల వాచింది."

"దవాఖానకు పోయిండ్రా?"

"పోయినం."

"సరే. తల్లి రాసిచ్చినంక నేనేమంట." చీటీని ఫైల్లో పెట్టింది. తక్కిన పిల్లల తల్లిదండ్రులు నోటి మాటతో చెప్పి, రెండు రోజులకు మాట మార్చుకుంటారు. ఎవరూ కాగితం ఇవ్వరు. కాగితమనే మేడం నమ్మింది.

ఆ సాయంత్రం ఎప్పటిలాగే పిల్లను తీసుకుపోయాను. కాలు నొప్పి పిల్లను ఆటకు తీసుకుపోకూడదని కూడా నాకు తోచలేదు. అబద్ధం నాకు అలవాటు లేదు. లోపల మేడం గొంతు వినపడింది, "కాలు నొస్తుందని మీ అమ్మ రాసిచ్చింది గద, మల్ల ఎందుకొచ్చినవ్?" తర్వాత మనవరాలు సంచి భుజానేసుకొని బయటికొచ్చింది. చీటీ చూసిందట. ఆ అక్షరాలు నేర్పింది తనే.

"నువ్వు రాసినవా?"

"రాసిన."

"ఎందుకు?"

"భయమైంది బిడ్డా."

"నాక్కూడ అయితది. దినాం అయితది. గది నేను చూస్కుంట. నువ్వెందుకు రాసినవ్?"

ఆటోలో ఇద్దరి మధ్య రేగొండ పోయే ఒకామె కూచుంది. పట్టు జారకుండా పిల్ల చేతులకు పూసుకున్న సుద్దపొడి చూసి, "ఏమాట ఆడ్తవ్ పోరీ?" అని అడిగింది. పిల్ల బయటికి తిరిగింది. నేను చెప్పాను. "గా కోతి దుంకుడా? ఆడిపిల్లకు ఎందుకవ్వా? కాలో చెయ్యో పోతే ఎవడు చేసుకుంటడు?" అంది. నా మనసులో ఉన్నదీ ఇంచుమించు అదే. ఆమె నోట వింటే మాత్రం ఒళ్ళు మండింది. "నీ స్టాపు ఎప్పుడొస్తది?" అన్నాను.

ఇంటికొచ్చాక మనవరాలు బియ్యం డబ్బా మీది నోటుబుక్కు తెచ్చి నా ఒళ్ళో వేసింది. "నడిమిట్ల ఆపినవ్. ఆఖరు దాకా చదువు" అని గోడ వైపు తిరిగి పడుకుంది.

చదివాను. ఉక్రెయిన్ అక్క లేచింది. ఏడాదికి మళ్ళీ బార్లు పట్టుకుంది, వాల్ట్‌కు ఇంకో ఏడాది పట్టింది. యుద్ధం వచ్చి వాళ్ళ హాలు పైకప్పు కూలింది. తల్లిని ఊళ్ళోనే వదిలి పక్క దేశం పోయి, అక్కడి పిల్లలు ఇంటికెళ్ళాక మిగిలిన టైములో నేర్చుకుంది. మళ్ళీ పెద్ద పోటీకి పోతే పతకం రాలేదు, ఏడో స్థానం వచ్చింది. ఇప్పటికీ ఆడుతోంది. ఒక పేజీలో ఇలా ఉంది: "అక్కకు మొదటి ఏడాది పడడం నేర్పిండ్రు. చేతులు చాపొద్దు, గడ్డం లోపలికి, భుజం మీద దొర్లాలి. మాకు గూడ మేడం అదే నేర్పింది."

పడడం నేర్పుతారని నాకు తెలియదు. మా అక్కకు ఎవరూ నేర్పలేదు. ఆ పేజీ మూడుసార్లు చదివాను. భయం పోలేదు. పోయిందని రాస్తే అది ఇంకో అబద్ధపు చీటీ అవుతుంది.

తెల్లారి బిడ్డ డ్యూటీకి బయల్దేరుతుంటే అంతా చెప్పేశాను. అది "నా పేరు పెట్టినవా?" అని మాత్రం అడిగి, టిఫిన్ డబ్బా తీసుకొని వెళ్ళిపోయింది. నేను పిల్లను తీసుకొని మొదటి ఆటోకే భూపాలపల్లి చేరాను. చీటీ తిరిగి ఇమ్మంటే మేడం ఇవ్వలేదు.

"ఫైల్లకు పోయింది, ఉండనీ. ఇంకోటి రాసియ్యి. గని అవ్వా, బార్ల మీద ఇంకో పిల్లను రాసిన. బీమ్ గూడ నిండింది. వాల్ట్ ఒక్కటే ఉన్నది."

"వేరేది దొరకదా?"

"దొరకదు."

పిల్ల నా వైపు చూడలేదు. బల్ల దగ్గర నిలబడే రాశాను. "నిన్నటి చీటీ అబద్ధం. నేనే రాసిన, మా బిడ్డ కాదు. పాప కాలు మంచిగున్నది. వాల్ట్‌కు పంపిస్తున్నం." కింద నా పేరు పెట్టాను.

మేడం జనగామకు ఫోన్ కలిపింది. అవతల ఎత్తేలోపు, వాల్ట్ కూడా నిండిందని చెబితే బాగుండునని కోరుకున్నాను. నిండలేదు. మేడం ఫోన్ నా చేతికిచ్చి పిల్ల పూర్తి పేరు, పుట్టిన తేదీ చెప్పమంది. చెప్పాను. మెల్లగా చెప్పానేమో, అవతలి మనిషికి వినపడలేదు, మళ్ళీ చెప్పమన్నాడు. మళ్ళీ చెప్పాను.