హీలియం ఉండాల్సిన చోటు

1962 జూన్‌లో చిలకలూరిపేట పక్కన ఒక జిల్లా పరిషత్ హైస్కూల్లో సైన్సు అసిస్టెంటుగా చేరాను. అది నా రెండో పోస్టింగు. సైన్సు అసిస్టెంటు అంటే బి.ఎస్‌సి., బి.ఇడి. చదివి పై తరగతులకు భౌతిక, రసాయన శాస్త్రాలు చెప్పే మాస్టారు. బడికి హెడ్మాస్టరు, ఆయన తరువాత ఫస్ట్ అసిస్టెంటు, ఆ తరువాత మా బోటి వాళ్ళం. అప్పటికి నా ప్రొబేషన్ ఇంకా పూర్తి కాలేదు. అది పూర్తయిందని ప్రకటించాలంటే జిల్లా విద్యాశాఖాధికారి తనిఖీకి వచ్చి, పాఠం విని, బాగుందని నివేదికలో రాయాలి. మొదటి బడిలో, పిల్లల్ని తరగతి గది బయట తిప్పుతున్నాడని రాసి నా ప్రొబేషన్ పొడిగించారు. ఈసారి కూడా అలాగే రాస్తే ఉద్యోగం పోతుంది. ఇంట్లో సంపాదించేవాణ్ణి నేనొక్కణ్ణే.

నాకు బట్టీ అంటే ఒళ్ళు మంట. ఆ బడిలో పిల్లలు మూలకాల పేర్లను ఎక్కాల్లాగా రాగం తీసి వల్లించేవారు. హైడ్రోజన్, హీలియం అని మొదలుపెడితే కాల్షియం దాకా ఆగరు. మధ్యలో ఆపి, మెగ్నీషియం కింద ఏముంటుందిరా అంటే మళ్ళీ హైడ్రోజన్ దగ్గర్నుంచి ఎత్తుకునేవారు. రాగానికి ముందూ వెనకా ఉంటాయి గానీ పైనా కిందా ఉండవు కదా! ఆవర్తన పట్టికలో సగం సంగతి అక్కడే ఉంది. పట్టికలో అడ్డవరుసను పీరియడ్ అంటాం. రెండో పీరియడ్ నుంచి చూస్తే ప్రతి వరుసా చురుకైన లోహంతో మొదలై, పోను పోను గుణం మారి, చివరకు దేనితోనూ కలవని జడవాయువు దగ్గర ముగుస్తుంది. కింది వరుసలో మళ్ళీ అదే తంతు. అందుకే ఒకే గుణం ఉన్నవి నిలువుగా ఒకదాని కింద ఒకటి పడతాయి.

ఈ ముక్క నల్లబల్ల మీద ఎన్నిసార్లు చెప్పినా పిల్లల బుర్రకెక్కలేదు. చివరకు పదో తరగతిని బడి వెనకున్న మిరప చేనుకు తీసుకుపోయాను. మా వైపు మిరప నారు వేసేముందు చేలో అచ్చు తోలతారు. నిలువుగా ఒకసారి, అడ్డంగా ఒకసారి గీతలు పడతాయి. గీతలు కలిసిన చోట మొక్క నాటుతారు. అప్పుడే అరక రెండు వైపులా తిరుగుతుంది, కలుపు పోతుంది. ఒకచోట మొక్క చచ్చిపోయి ఖాళీగా ఉంటే చూపించి, పక్క మొక్కను ఇక్కడికి జరిపితే ఏమవుతుందని అడిగాను. అందరూ రైతుబిడ్డలే, ఒక్కసారిగా నవ్వారు. "సాలు తప్పుద్ది సార్, అరక్కింద పడి పోద్ది," అన్నాడొకడు. పట్టిక కూడా అంతే అన్నాను. చోటు ఖాళీగా ఉంటే ఉండనివ్వాలి గానీ పక్కదాన్ని జరపకూడదు. ఆ రోజు నుంచి మళ్ళీ రాగం వినపడలేదు.

హెడ్మాస్టరు గారికి ఇది గిట్టలేదు. ఆయన చెడ్డవారు కారు, తనిఖీ అంటే హడలు. నన్ను గదిలోకి పిలిచి, "చూడవయ్యా, ఈ పొలం పాఠాలు కట్టిపెట్టు. అధికారి వచ్చినప్పుడు పిల్లల చేత గడగడా చెప్పించు, గోడకు మంచి పటం తగిలించు. నీ మంచికే చెబుతున్నా," అన్నారు. పటం పని డ్రాయింగు మాస్టారికి అప్పగించారు. ఆయన సెలవు రోజుల్లో పేటలో దుకాణాలకు బోర్డులు రాసేవారు. అక్షరం ముత్యంలా ఉండేది. నా పుస్తకంలోని పట్టికే ఆయనకిచ్చాను.

రంగు ఆరలేదని ఆగి, తనిఖీ రోజు పొద్దున, మేమంతా ప్రార్థనలో ఉండగా ఆయన పటం తెచ్చి తరగతిలో తగిలించారు. నేను అధికారి వెనకే లోపలికి వెళ్ళి గోడ వైపు చూశాను. బోర్డు మీద ఖాళీ వదిలితే దుకాణంవాళ్ళు ఊరుకోరు, అది డ్రాయింగు మాస్టారి చేతికి అలవాటైన లెక్క. మొదటి వరుసలో అంత ఖాళీ చూడ్డానికి బాగాలేదని, చివరి గడిలో ఉండాల్సిన హీలియాన్ని తెచ్చి హైడ్రోజన్ పక్కన అందంగా కూర్చోబెట్టేశారు.

అధికారి వెనక బల్ల మీద కూర్చుని పాఠం కాసేపు విన్నారు. తరువాత ముందుకొచ్చి మస్తాన్‌బీ అనే పిల్లను లేపారు. మేము చూసిన చేను వాళ్ళ నాన్నదే. మొదటి పీరియడ్‌లో ఉన్న మూలకాలు చూపించమన్నారు. ఆ పిల్ల బెత్తం తీసుకుని హైడ్రోజన్ మీద పెట్టింది. హీలియం మీదికి రాబోయి ఆగింది. బెత్తం నేరుగా కుడివైపు చివరకు, నియాన్ పైనున్న ఖాళీ గడి మీదికి పోయింది.

"హీలియం ఇక్కడుండాలండి," అంది.

"ఏమ్మాయ్, పటంలో ఉన్నది చూసి చెప్పు," అన్నారు హెడ్మాస్టరు గారు. ఆయన ముఖం కందగడ్డ అయింది. మస్తాన్‌బీ నా వైపు చూసింది. కూర్చోమంటే గండం గడిచేది, ఆ సంగతి నాకు తెలుసు. కానీ నేను నేర్పిన పాఠాన్ని నేనే కాదనడానికి మనసొప్పలేదు. ఎందుకో చెప్పమ్మా అన్నాను.

"అక్కడ పెడితే దాని కింద బెరీలియం, మెగ్నీషియం వస్తాయండి. అవి లోహాలు. ఇదేమో దేంతోనూ కలవని గాలి. నిలువు సాలు తప్పుద్దండి. ఖాళీ ఉంటే ఉండనీండి, పక్కదాన్ని జరపకూడదండి."

పటం ఎవరిదని అధికారి అడిగారు. హెడ్మాస్టరు గారు నేల చూశారు. సైన్సు పటానికి బాధ్యత సైన్సు అసిస్టెంటుదేనని చెప్పాను. అధికారి ఇంకో ముగ్గురిని ఏవేవో అడిగి, పుస్తకంలో ఏదో రాసుకుని వెళ్ళిపోయారు.

"చెబితే విన్నావా? పిల్లదాని చేత బడి పరువు తీయించావు. ఇహ నీ పని అయిపోయినట్టే," అన్నారు హెడ్మాస్టరు గారు. భయపడ్డాను, కానీ ఎందుకు చెప్పమన్నానా అని మాత్రం ఒక్కసారీ అనుకోలేదు.

కొన్ని వారాలకు నివేదిక వచ్చింది. హెడ్మాస్టరు గారు నలుగురి ముందూ చదివారు. నా గురించి ఇంగ్లీషులో రెండే వాక్యాలున్నాయి. తెలుగులో చెప్పాలంటే ఇవి: పటం తప్పు. పిల్లలకు పట్టిక వచ్చు.

ఆ రెండు వాక్యాల మీదే నా ప్రొబేషన్ పూర్తయినట్టు ఉత్తర్వు వచ్చింది. ఆ తరువాత రిటైరయ్యే దాకా ప్రతి ఏడూ ఈ పాఠం అయ్యాక, ఒక తప్పు పట్టిక నేనే గీసి తరగతిలో పెట్టేవాణ్ణి. వల్లె వేసినవాళ్ళు చదువుకుంటూ పోయేవారు. తెలిసినవాళ్ళు ఆగేవారు. ఎవరికి మళ్ళీ చెప్పాలో నాకు అక్కడ తేలిపోయేది.